శాన్ గేబ్రియల్ ఏటిలో ఈకల గాలం

చేపలు పట్టడం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదనుకునేవాణ్ణి. మాది కోనసీమ. ఇంటి ముందు పంటకాలువ, వెనక చెరువు. రెండో క్లాసులో ఉండగానే నాన్న నా చేతికి గాలం ఇచ్చారు. వెదురు గెడ, నైలాన్ దారం, జీలుగ బెండు, చివర కొక్కెం. పేడదిబ్బ పక్కన ఎర్రలు తవ్వి, తడిమట్టితో సహా కొబ్బరి చిప్పలో వేసుకునేవాళ్ళం. ఎర గుచ్చి నీళ్ళలో వేసి బెండు వైపు చూస్తూ కూర్చోవడమే. బెండు ఊరికే తొణుకుతుంటే పరిగె పిల్లలు పొడుచుకు తింటున్నట్టు, తొణికి పక్కకి జరిగితే జెల్ల, గభాలున మునిగితే కొర్రమీను. ఈ లెక్కంతా నాన్న చెప్పిందే. తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలీదుగానీ, కూరకి సరిపడా చేపలు మాత్రం పడేవి.

అలాంటివాడికి టెక్సస్‌లో మొదటి చేప పడటానికి ఏడు వారాలు పట్టింది.

మేముండేది జార్జ్‌టౌన్. ఆస్టిన్‌కి ఉత్తరాన, ట్రాఫిక్ లేకపోతే కారులో అరగంట పైచిలుకు. శాన్ గేబ్రియల్ అనే ఏరు రెండు పాయలుగా వచ్చి ఊళ్ళోని పార్కులో ఒకటవుతుంది. నది అంటారుగానీ, గోదావరి చూసిన కళ్ళకి అది నది కాదు. అడుగున సున్నపురాయి పలకలు, చాలాచోట్ల మోకాలి లోతు నీళ్ళు, గట్టున పెకాన్ చెట్లు. ఓ మార్చి సాయంత్రం పిల్లాణ్ణి సైకిల్ మీద తిప్పుతుంటే, మా వీధి చివరింటి పెద్దాయన ఆ నీళ్ళలో నిలబడి కనిపించారు. ఆయన తల మీద పచ్చటి తాడొకటి ముందుకీ వెనక్కీ మెలికలు తిరుగుతోంది. ఒక్క చప్పుడు లేదు. చివరికి ఆ తాడు ముందుకు సాగి, నీళ్ళ మీద దుప్పటి పరిచినట్టు మెల్లగా వాలింది. మావాడు సైకిల్ ఆపి, "నాన్నా, ఆ తాత నీళ్ళని కొడుతున్నాడా?" అన్నాడు.

దాన్నే ఫ్లై ఫిషింగ్ అంటారని పేరు వినడమే తప్ప చూడటం అదే మొదలు. అది మంచు కొండల్లో, చల్లటి నీళ్ళలో, ట్రౌట్ చేపల కోసం డబ్బున్నవాళ్ళు చేసే పని అనుకునేవాణ్ణి. పెద్దాయనతో ఆ మాటే అంటే నవ్వి, "ట్రౌట్ చలి దేశపు చేప. ఇక్కడ ఎండాకాలం నీళ్ళు గోరువెచ్చగా అయిపోతాయి, అది బతకదు. కానీ వేడి నీళ్ళ చేపలు వేరే ఉన్నాయి. అవి ట్రౌట్ అంత నాజూకు కాదు, ఆకలి ఎక్కువ, పెంకితనం ఎక్కువ" అన్నారు. వేడి నీళ్ళు, ఆకలి, పెంకితనం అనేసరికి మన చేపల్లాగే ఉన్నాయనిపించింది. అక్కడే దొరికిపోయాను.

ఆయన్ని అడిగి సామాను కొనుక్కుంటే ఒక్కసారితో పోయేది. అడగలేదు. చిన్నప్పటి నుంచి గాలం వేస్తున్నవాణ్ణి, నాకొకరు చెప్పాలా అన్న పొగరు. ఆన్‌లైన్‌లో తొమ్మిది అడుగుల 5 వెయిట్ రాడ్ ఒకటి కొన్నాను. దారం మాత్రం సగం ధరకి వస్తోందని 8 వెయిట్ కొన్నాను. ఎక్కువ బరువైతే ఎక్కువ దూరం పోతుంది కదా అని నా లాజిక్. పార్కుకి తీసుకెళ్ళి విసిరితే రాడ్ మొత్తం తడి కండువాలా వంగిపోయి, దారం నా కాళ్ళ దగ్గరే కుప్పగా పడింది.

నేను విసిరేది దేన్నన్నదే నాకప్పటికి తెలీలేదు. మన గాలంలో గానీ, ఇక్కడివాళ్ళ మామూలు ఫిషింగ్ రాడ్‌లో గానీ చివర ఉన్న బరువే దారాన్ని లాక్కుపోతుంది. సీసం గుండు కడతాం, అది ఎగిరిపోతుంది, వెనకాల దారం వెళ్తుంది. ఇక్కడ చివర ఉండేది రెండు ఈకలూ కాస్త నూలూ చుట్టిన కొక్కెం. దానికి బరువన్నదే లేదు, విసిరితే గాలికి తిరిగి మొహానికే వస్తుంది. అందుకని దారాన్నే బరువుగా చేస్తారు. మనం విసిరేది దారాన్ని, ఈక దాని తోకన పోతుంది. 5 వెయిట్ అంటే దారంలో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే దాదాపు 9 గ్రాములు. మన లెక్కలో ముప్పావు తులం. ఆ ముప్పావు తులానికి వంగేలా రాడ్‌ని తయారుచేస్తారు. నేను దాని మెడకి అందులో మరో సగం బరువు అదనంగా తగిలించాను. పెద్దాయన ఆ దారం చూసి ఏమీ అనలేదు. ఇంట్లోకి వెళ్ళి తన పాత దారం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ 8 వెయిట్ దారం ఇప్పటికీ మా గరాజ్‌లో ఉంది. మా ఆవిడ దాంతో టొమాటో మొక్కలు కట్టింది.

లైసెన్స్ కథ కూడా ఇలాంటిదే. ఇక్కడ 17 ఏళ్ళు నిండినవాళ్ళు గాలం వేయాలంటే మామూలుగా లైసెన్స్ ఉండాలి. మంచినీళ్ళలో చేపలు పట్టే లైసెన్స్ 30 డాలర్లు. ఏప్రిల్‌లో కొని, ఏడాది పాటు నిశ్చింత అనుకున్నాను. ఆ లైసెన్స్ సంవత్సరం సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31న అయిపోతుందట. కాగితం మీద రాసే ఉంది, నేనే చదవలేదు. ఏప్రిల్‌లో కొన్నా ఆగస్టులో కొన్నా అదే ధర. కొన్న రోజు నుంచి లెక్కేసేది వేరే ఉంది, దాని ధర ఎక్కువ.

ఏప్రిల్ నెలంతా నేను నీళ్ళ మొహం చూడలేదు. పెద్దాయన షరతు అది. పార్కులో గడ్డి మీద నిలబెట్టి, దారం చివర కొక్కేనికి బదులు ఎర్ర ఊలు ముక్క కట్టారు. పని చెప్పడానికి చాలా చిన్నది. రాడ్‌ని వెనక్కి లేపి, చెవి దాటగానే టక్కున ఆపాలి. దారం వెనక్కి పోతుంది. అది పూర్తిగా సాగేదాకా ఆగాలి. సాగిన దారం రాడ్ కొనని వెనక్కి లాగుతున్నప్పుడు ముందుకు తెచ్చి, మళ్ళీ టక్కున ఆపాలి. అంతే.

ఆ "ఆగాలి" అన్న దగ్గరే నా పని అయిపోయింది. ఆగడం అరసెకను, మహా అయితే సెకను. చెరువు గట్టున గంటలకు గంటలు బెండు వైపు చూస్తూ కూర్చున్నవాణ్ణి, ఈ అరసెకను ఆగలేకపోయాను. ఎందుకంటే అక్కడ నేను ఎదురుచూసేది కళ్ళ ముందుండేది. ఇక్కడ జరిగేదంతా వీపు వెనకాల. చూడలేనిదాని కోసం ఆగడం చేతకాక, తొందరపడి రాడ్‌ని ముందుకు లాగేసేవాణ్ణి. వెనకాల ఛళ్ళుమని కొరడా విదిలించిన చప్పుడు వచ్చేది. చూస్తే ఊలు ముక్క మాయం. ఒక్క సాయంత్రం పదకొండు ఊలు ముక్కలు పోగొట్టాను.

మా కమ్యూనిటీలో సాయంత్రం వాకింగ్‌కి వచ్చే తెలుగు అంకుల్స్ ఆగి చూసేవారు. ఒకాయన, "ఏవండీ, గాలిపటమా?" అన్నారు. ఇంకొకాయన నాలుగు రోజులు చూసి, ఐదో రోజు మా ఆవిడని, "బాబుకి ఆఫీసులో టెన్షన్లేమైనా ఉన్నాయా అమ్మా?" అని మెల్లగా అడిగారట.

చివరికి పెద్దాయన చెప్పిన చిట్కా పనిచేసింది. "సిగ్గుపడకు. వెనక్కి తిరిగి దారాన్ని చూడు." అడ్డంగా నిలబడి, మెడ తిప్పి, దారం మెలిక విప్పుకుంటూ పోవడం చూశాను. మెలిక చివరిదాకా విప్పుకుని తిన్నగా అయిన క్షణాన రాడ్ కొన నా బొటనవేలిని ఒక్క పిసరు వెనక్కి లాగింది. పైన పిట్ట వాలిన కొమ్మని కింద పట్టుకున్నట్టు. అది ఒకసారి చేతికి తెలిశాక మెడ తిప్పాల్సిన పని తగ్గింది. పోయిందని అననుగానీ, ఈరోజుకీ గాలి ఎదురుగా ఉంటే తిరిగి చూసుకుంటాను.

మే నెలలో ఏటిలోకి దిగాను. పార్కు దాటి కాస్త పైకి పోతే జనం ఉండరని ఆశ. అక్కడ ఇంకో పాఠం. టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటే. కానీ కడనుంచి మొదలుదాకా సగటున 30 అడుగుల వెడల్పున్న ఏటిని చట్టం ప్రజల దారిగానే చూస్తుంది. అలాంటి ఏటి అడుగున ఎవరైనా నడవొచ్చు. గట్టెక్కితే మాత్రం అది ఒకరి పొలం. అందుకని వంతెనల దగ్గర దిగి, నీళ్ళలోనే నడుచుకుంటూ పోతారు. ఎండాకాలం కదా, రబ్బరు ప్యాంట్లూ అవీ అక్కర్లేదు. పాత బూట్లు, నిక్కరు చాలు. సున్నపురాయి మీద పాచి పట్టి ఉంటే మాత్రం వెన్న రాసినట్టే. మొదటి రోజు రెండుసార్లు కూర్చున్నాను, ఒకసారి నేను కూర్చోవాలనుకున్న చోటే.

చెట్టుకి ఎన్ని ఈకలు సమర్పించానో లెక్కలేదు. గడ్డి మీద వెనకాల ఖాళీ ఉంటుంది. ఏటిలో వెనకాల చెట్లు. చిక్కుకున్నదాన్ని తీద్దామని గట్టెక్కితే ఎర్ర చీమల పుట్ట మీద కాలు పెట్టాను. ఇక్కడి ఎర్ర చీమ కుడితే మర్నాటికి అక్కడ చీము పొక్కు లేస్తుంది. ఇంకోరోజు విసురులో కొక్కెం వచ్చి నా మెడ వెనక గుచ్చుకుంది. కొక్కెం ముల్లుని పటకారుతో నొక్కి చదును చేసుకోమని పెద్దాయన ముందే చెప్పారు, చేప నోట్లోంచి తేలిగ్గా వస్తుందని. చేప సంగతేమోగానీ నా మెడలోంచి తేలిగ్గా వచ్చింది. అప్పటి నుంచి నా పెట్టెలో ముల్లున్న కొక్కెం లేదు.

ముడి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నా చేతికి చిక్కిన మొదటి రెండు చేపలూ ముడి ఊడే పోయాయి. దారానికీ ఈకకీ మధ్య సన్నటి నైలాన్ పోగు ఉంటుంది. కొక్కెం కంట్లోంచి దూర్చి, ఐదు చుట్లు తిప్పి, కొసని కింది సందులోంచి పోనిచ్చి లాగుతారు. లాగే ముందు ఉమ్ము తడి చెయ్యాలి. పొడిగా లాగితే నైలాన్ రాపిడికి వేడెక్కి అక్కడికక్కడే బలం పోతుంది. నాకిది అమ్మ సూదిలో దారం ఎక్కించేముందు కొస తడిపినట్టుంటుంది. కారణం వేరైనా, చెయ్యి చేసే పని అదే.

మొదటి చేప మే చివర్లో పడింది. ఆ రోజుల్లో సన్‌ఫిష్ గుడ్లు పెడుతుంది. లోతు తక్కువ చోట ఇసకా గులకా ఊడ్చి, భోజనం పళ్ళెమంత గుండ్రటి గూళ్ళు చేసుకుంటుంది. ఒక్కో గూటి మీద మగ చేప కాపలా. పైనుంచి చూస్తే ఎవరో బంతికి విస్తళ్ళు వేసినట్టుంటుంది. గూళ్ళ మీదున్నవాటిని కదపడం నాకు ఇష్టం లేక, పక్కనున్న లోతు మడుగు అంచున పాపర్ వేశాను. పాపర్ అంటే నీళ్ళ మీద తేలే చిన్న బిరడా ముక్క, ముందు గుంట, వెనక నాలుగు ఈకలు. దారాన్ని ఒక్క చిటికెడు లాగితే గ్లుప్ అంటుంది. లాగి, అలలు ఆరిపోయేదాకా ఊరుకోవాలి. మళ్ళీ గ్లుప్. మూడోసారికి ముద్దుపెట్టుకున్నంత చిన్న చప్పుడుతో పాపర్ లోపలికి పోయింది.

అరచేతిలో పట్టేంత చేప. లాంగ్‌ఇయర్ సన్‌ఫిష్. కడుపంతా కాషాయం, మొహం మీద నెమలికంఠం రంగు గీతలు, చెవి దగ్గర నల్లటి రేకు. ఇంత రంగున్న చేపని మన పంటకాలువలో చూడలేదు. ఫోటో తీసి, నీళ్ళలో పెట్టి వేళ్ళు వదులు చేశాను. క్షణం ఆగి, పోయింది.

ఫోటో నాన్నకి వాట్సాప్‌లో పంపితే వెంటనే ఫోన్.

"ఎంత తూగింది?"

"తూచలేదు నాన్నా, వదిలేశాను."

అవతల కాసేపు నిశ్శబ్దం. "జారిపోయిందా?"

"లేదు, నేనే వదిలాను. ఇక్కడ చాలామంది వదిలేస్తారు."

"వదిలెయ్యడానికైతే పట్టడమెందుకురా? అది దాని పాటికి అది తిరుగుతుంటే, నోట్లో ఇనప ముక్క గుచ్చి, ఫోటో తీసి పంపడమా? ఆకలికి పడితే అర్థముంది."

నా దగ్గర సమాధానం లేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా లేదు. పట్టి వదలడమేదో పుణ్యకార్యమన్నట్టు మాట్లాడేవాళ్ళతో నాకు పేచీయే. చేపకి అది సరదా కాదు. వదిలేదుంటే తడి చేత్తో పట్టుకోవాలి, లేకపోతే ఒంటి మీది జిగురు పోతుంది. ఎండాకాలం నీళ్ళు బాగా వేడెక్కితే ఆ పూటకి మానేయాలి. ఇవి పాటించి, మిగతాది ఎవరి మనసుకి వాళ్ళు చూసుకోవాల్సిందే.

నేను అసలు వెతుకుతున్నది గ్వాడలూపే బాస్. 1989 నుంచి అది టెక్సస్ రాష్ట్ర చేప. టెక్సస్ నడిమి కొండల్లో పుట్టే ఏరుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా ఉండదు. ఎంత పెరిగినా జానెడున్నర దాటడం అరుదు. రాష్ట్ర రికార్డే 3.71 పౌండ్లు, అంటే కిలోన్నర చిల్లర. కొర్రమీను ముందు చిన్నపిల్ల. కానీ దాని సంగతి వేరు. పెద్ద నోటి బాస్ నిలవనీళ్ళలో నాచు పక్కన కూర్చుంటే, ఇది పారే నీళ్ళలో ఉంటుంది. 1970ల నుంచి వేటగాళ్ళ సరదా కోసం బయటి నుంచి స్మాల్‌మౌత్ బాస్‌ని తెచ్చి ఈ ఏరుల్లో వదిలారు. ఆ రెండూ కలిసి సంకరం పుట్టుకొచ్చి, కొన్ని ఏరుల్లో అసలు జాతికే ముప్పు వచ్చింది. తర్వాత ప్రభుత్వమే గ్వాడలూపే పిల్లల్ని పెంచి ఏళ్ళ తరబడి వదులుతూ దిద్దుకొస్తోంది.

వేసవంతా నాకది దొరకలేదు. నేను లోతు మడుగులు వెతుకుతున్నాను, అది అక్కడ లేదు. అక్టోబర్‌లో ఓ ఉదయం పెద్దాయన నన్ను నీళ్ళు పరుగెత్తే ఒక చోట నిలబెట్టారు. గుమ్మమంత సందులోంచి నీళ్ళు ఉరికి వచ్చి కిందున్న బండకి కొట్టుకుంటున్నాయి. "నీళ్ళు ఎక్కడ అలిసిపోతున్నాయో చూపించు" అన్నారు. చూడగా చూడగా తెలిసింది. ఉరవడి నీటికీ దాని పక్కన మెల్లగా వెనక్కి తిరిగే నీటికీ మధ్య ఒక గీత ఉంది. నురగ బుడగలు ఆ గీత మీద వరస కడుతున్నాయి. చేప బండ చాటున, అలిసిన నీళ్ళలో కూర్చుంటుంది. ముందు నుంచి ఉరవడి దానికి వడ్డిస్తుంటుంది. కదలకుండా కూర్చుని కేటరింగ్ తినడమన్నమాట.

గీతకి పైన వేశాను. వూలీ బగ్గర్ అనే ముదురాకుపచ్చ ఈక, ఎనిమిదో నంబరు కొక్కెం. నీళ్ళతో పాటు దిగనిచ్చి, బండ దగ్గరికి రాగానే ఎడం చేత్తో దారం రెండు జానలు లాగాను. దారం ఆగింది. రాయి తగిలిందనుకున్నాను. రాయి పైకి నడిచింది.

ఇక్కడ రాడ్ పైకెత్తకూడదు. చిన్నప్పటి చెయ్యి ఊరుకోదు, బెండు మునగ్గానే గెడ ఎత్తడం ఒంట్లో ఇంకిపోయిన పని. అలా ఎత్తి వేసవిలో ఎన్ని పోగొట్టుకున్నానో. ఆరోజు ఎందుకో ఎడమ చెయ్యే ముందు కదిలింది. దారాన్ని తిన్నగా వెనక్కి గుంజాను, కొక్కెం దిగింది. చేప ఉరవడిలోకి దూరి పక్కకి తిరిగి నిలబడింది. చిన్న చేపే, కానీ ఏరు మొత్తం దాని పక్షాన లాగింది.

పదకొండంగుళాలు. ఒంటి పక్కన వజ్రాకారపు ఆకుపచ్చ మచ్చలు, వరసగా, పొట్ట వైపుకి జారుతూ. దవడ కంటి వెనక దాకా పోదు, పెద్ద నోటి బాస్‌కైతే పోతుంది. పెద్దాయన దాని నోట్లో బొటనవేలు పెట్టి చూడమన్నారు. నాలుక మధ్యలో గరుకు పేపర్ ముక్కలా చిన్న చోటు తగిలింది. నీళ్ళలోకి దింపి, తల ఉరవడి వైపు పెట్టి పట్టుకున్నాను. మొప్పలు నాలుగైదుసార్లు ఆడాయి. తర్వాత నా చేతిలో చల్లటి నీళ్ళు మాత్రం ఉన్నాయి.

మరుసటి వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నకి తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ. కాఫీ తాగి నాతో ఏటికి బయల్దేరేవారు. వెళ్ళేముందు నేను ఫోన్లో నీటిమట్టం చూసుకుంటాను. ఇది తప్పనిసరి. ఇక్కడి నేలలో మట్టి పల్చన, కింద రాయి. వాన పడితే ఇంకదు, నేరుగా ఏట్లోకి దూకుతుంది. 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూపే నది పొంగి వందమందికి పైగా పోయారు. పైన ఎక్కడో ఉరిమినా నేను ఏటిలోంచి బయటికొచ్చేస్తాను.

"ఎంతుందిరా?" అన్నారు నాన్న.

"38 క్యూసెక్కులు."

ఆయన నవ్వడం మొదలుపెట్టి ఆపలేదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది అని రేడియోలో వింటూ పెరిగిన మనిషి. "ముప్పై ఎనిమిదా? ముప్పై ఎనిమిది వేలా? మన ఇంటిముందు కాలవలో ఇంతకంటే ఎక్కువ పారుద్ది కదరా. దీనికి ఫోను చూడ్డమొకటి."

గట్టు మీద రాతిపలక మీద కూర్చుని అరగంట నన్ను గమనించారు. "ఆ దారాన్ని గాల్లో అన్నిసార్లు ఎందుకు ఊపుతావు? చేప నీళ్ళలో కదా ఉంది" అన్నారు. పెద్దాయన ఏడాదిగా నాకు చెబుతున్నదీ ఇదే. ఊపడం తగ్గించు, ఈకని నీళ్ళలో ఉంచు. ఇంగ్లీషులో విన్నప్పుడు పట్టని మాట తెలుగులో తిట్టుగా వచ్చేసరికి పట్టింది.

నాన్న చేత కూడా పట్టించాలని నాకు. లైసెన్స్ లేనివాళ్ళు కూడా ఇక్కడి స్టేట్ పార్కుల్లో గాలం వేసుకోవచ్చు. ఆస్టిన్‌లోనే ఉన్న మెకిన్నీ ఫాల్స్ పార్కుకి తీసుకెళ్ళాను. ఆనియన్ క్రీక్ అనే వాగు రాతిపలకల మీంచి దూకుతుంది. ఐదువందల ఏళ్ళు దాటిన సైప్రస్ చెట్టొకటి ఉంది అక్కడ. దాని దగ్గర నిలబడి నాన్న కాసేపు పైకి చూశారు. ఫ్లై రాడ్ ఇస్తే నాలుగు విసుర్లు విసిరి, "ఇది నీకే" అని తిరిగిచ్చేశారు. ఆయనకి కావలసింది వెదురు గెడ. దొరికింది. జీలుగ బెండు లేదుగా, సీసా బిరడాని చాకుతో చెక్కుకున్నారు. ఇక ఎర్రలు. దారిలో షాపులో ప్లాస్టిక్ డబ్బాలో అమ్ముతుంటే నేను ముందే కొనిపెట్టాను.

"ఎర్రలు కొన్నావా? డబ్బులు పోసి?"

ఐదు డాలర్లని చెప్పలేదు. చెబితే రూపాయల్లోకి మార్చుకుని చేపలు పట్టడమే మానేసేవారు. ఒక్కో ఎర్రనీ మూడు ముక్కలు చేసి పొదుపుగా వాడారు.

రెండు గంటల్లో ఆయనకి తొమ్మిది చేపలు, నాకు రెండు. తొమ్మిదిలో ఎనిమిది సన్‌ఫిష్‌లు. తొమ్మిదోది ఒంటినిండా నీలి చుక్కలున్న రియో గ్రాండే సిక్లిడ్, మన తిలాపియాకి దూరపు చుట్టం. ఆయన చూడగానే, "దీన్ని నేనెరుగుదును" అన్నారు. చుట్టరికం గురించి నేనేమీ చెప్పకముందే. వదలమని నేననలేదు. సన్‌ఫిష్‌కి ఈ రాష్ట్రంలో సంఖ్య పరిమితి పెట్టలేదు, అంత విరివిగా ఉంటాయి. ఇంటికొచ్చాక అమ్మ చింతపండు పులుసు పెట్టింది. నాన్న మొదటి ముద్ద తిని, "నీచు తక్కువ. ముళ్ళు మాత్రం మన పరిగె కంటే ఎక్కువ" అని, రెండోసారి వడ్డించుకున్నారు. అంతకుముందు వాగు దగ్గర నేను పట్టినవాటిల్లో ఒకటి చిన్న గ్వాడలూపే. బాస్‌లు రోజుకి ఐదు దాకా తీసుకెళ్ళొచ్చనీ, దీనికి కనీస పొడవన్న నిబంధన కూడా లేదనీ నేనే చెప్పాను. "ఇక్కడ తప్ప ఎక్కడా ఉండదన్నావు కదా, దాన్నెందుకు" అని ఆయనే నీళ్ళలో వదిలేశారు. ఒంటిచేత్తో, తడిపి మరీ. నేను నేర్పలేదు.

ఈకలు నేనే కట్టుకోవడం అప్పటికే మొదలుపెట్టాను. టేబుల్ అంచుకి చిన్న పట్టుగొమ్మ (వైస్) బిగించి, కొక్కెం పట్టించి, దారంతో ఈకలు చుట్టడం. బగ్గర్ ఒంటికి నెమలి ఈక పోగులు, పైన కోడిపుంజు మెడ ఈక. ఓ రాత్రి నాన్న వచ్చి పక్కన కూర్చుని, ప్లాస్టిక్ కవర్లో ఉన్న మెడతోలు ఒకటి తీసి లైటు కింద తిప్పి చూశారు. నలుపూ తెలుపూ చారలు. దాన్ని ఇక్కడ గ్రిజ్లీ అంటారు.

"పర్ల" అన్నారు. "మంచి పుంజు. ఇది?"

"బ్రౌన్ అంటారు."

"డేగ." ఇంకో కవర్ తీశారు. "ఇది కాకి. ఎంతిచ్చావు వీటికి?"

నలభై డాలర్ల పైనే అని చెప్పక తప్పలేదు, స్టిక్కర్ ఉంది. ఆయన మాట్లాడలేదు. చేతిలో ఉన్న ఈకని వేళ్ళ మధ్య దువ్వి, కాడ వంచి చూసి, "మన పుంజుకి ఇంత పొడుగు రాదు. మెత్తన కూడా. వీటిని ఈకల కోసమే పెంచుతారా?" అన్నారు. అవునన్నాను. ఆరోజు నుంచి కట్టేటప్పుడు ఏ ఈక తీయాలో ఆయనే ఎంచి ఇచ్చేవారు. ఆయన ఎంచిన డేగ ఈకతో కట్టిన బగ్గర్‌కి సెప్టెంబర్‌లో పన్నెండంగుళాల గ్వాడలూపే పడింది. అప్పటికి వాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు.

సంక్రాంతి వెళ్ళిన మర్నాడు వాట్సాప్‌లో ఓ ఫోటో వచ్చింది. కనుమనాడు మా ఇంట్లో కోసిన పుంజు మెడ ఈకలు, కడిగి ఆరబెట్టి, స్టీలు పళ్ళెంలో రంగుల వారీగా కుప్పలు పెట్టి ఉన్నాయి. కింద, "పంపమంటావా?"

"ఈకలు పార్సిల్ చెయ్యనివ్వరు నాన్నా, కస్టమ్స్‌లో ఆపేస్తారు" అని కొట్టాను.

కాసేపటికి వాయిస్ మెసేజ్. "అయితే ఉప్పూ పసుపూ రాసి డబ్బాలో పెట్టించాను. నువ్వు వచ్చినప్పుడు ఆ పట్టుగొమ్మ తెచ్చుకో. కాలవలో వేద్దాం, ఈ కొర్రమీనుకి ఏ రంగు నచ్చుద్దో చూద్దాం."